పథ్యమునకు తోడు

కడచిన సంక్రాంతికి రాజోలు ప్రాంతమునుండి మా యింటికి వచ్చిన చిన్ననాటి మిత్రుడొకడు, రెండవమారు అన్నము వడ్డింపవచ్చిన నా భార్యను చూచి, అరచేతిని విస్తరిపై అడ్డుపెట్టి, "చాలమ్మా" అనెను. కోనసీమలో ఆ మాటను మన్నించు ఇల్లాలెవరు? "మొహమాటపడకండి అన్నయ్యగారూ, ఈ ఒక్కపూటకీ ఏమైపోదండీ" అని ఆమె ఆ చేతిసందునుండియే గరిటెడన్నమును, దానిపై నేతిని, ప్రక్కన రెండు పూర్ణపుబూరెలను వడ్డించినది. నేనును "తిను బావా, పండగపూట" అని వంతపాడితిని. ఆయన తినెను. పదునొకండేండ్లుగా మధుమేహముతో వేగుచున్న ఆ మనుష్యుడు ఆ రాత్రి పెరటియరుగుపై ఒంటరిగా కూర్చుండి, వ్రేలు గ్రుచ్చుకొని, చిన్నయంత్రముపై 312 అని పడిన అంకెను చూచి, చప్పున గుప్పిట మూసికొనుట నేను కిటికీలోనుండి చూచితిని. తెల్లవారి "బాగా నిద్రపట్టిందా బావా?" అని అడుగగా, "భేషుగ్గా పట్టింది" అనెను.

గౌతమికిని వసిష్ఠకును నడుమనున్న ఈ లంకసీమలో ప్రేమను తెలుపుటకు మేము నేర్చిన భాష వడ్డన యొక్కటే. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై కాలువనీరు చేలకెక్కినది మొదలు వరియన్నమే మాకు సిరి. దంపుడుబియ్యము పోయి మరబియ్యము వచ్చినపిదప ఆ సిరి మరింత తెల్లనైనది, తవుడు మాత్రము పశువులపాలైనది. ఇట్టి సీమలో రోగము ఎంత లోతున వేరూనినదో, 2003-04 సంవత్సరములలో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు మరణకారణములను విచారించినవారు తేల్చిరి: నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల జబ్బులవలననే. పిమ్మట 20 గ్రామములలో ముప్పదియేండ్లు దాటినవారిని పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహము కనబడెను. ఇవి పట్టణముల లెక్కలు కావు. కొబ్బరితోటల, వరిచేల నడుమ బ్రతుకు పల్లెల లెక్కలు.

పథ్యమను మాట మనకు క్రొత్తది కాదు. బాలింతకు పథ్యము, పచ్చకామెర్లు వచ్చినవానికి పథ్యము, నాటుమందు పుచ్చుకొన్నవానికి పథ్యము. అయితే ఆ పథ్యములన్నింటికిని ఒక గడువు కలదు. అది తీరిననాడు ఇంటిల్లిపాదియు సంతోషించెడివారు. మధుమేహమునకు, రక్తపుపోటునకు, మూత్రపిండముల వ్యాధికి ఆ గడువే లేదు. పంక్తిలోనివారందరు పనసపొట్టుకూరయు ఆవకాయయు నంజుకొనుచుండగా, యావజ్జీవము తానొక్కడే వేరుగిన్నెలోనిది తినవలసివచ్చుట ఎంతటి వెలియో అనుభవించినవారికే తెలియును. నోటిచాపల్యమని మనము నిందించుదానిలో సగపాలు ఆ వెలికి జంకుటయేయని నా దృఢవిశ్వాసము.

వడ్డించుటలో ఎంత ధారాళమో, సలహా చెప్పుటలోను మనము అంత ధారాళము. 2017 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి ఆహారవిధానము తెలుగునాట మారుమ్రోగినపుడు, అన్నము మాని కొబ్బరినూనె పుచ్చుకొనుమని చెప్పని మిత్రుడు లేడు. ఆపై, 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలీగారి సిరిధాన్యముల వంతు వచ్చెను. ఆ విధానముల మంచిచెడ్డలు నేనిచట విచారింపను. అన్నము తగ్గించుట మధుమేహరోగులు పలువురకు మేలుచేయునన్నది నిజమే. కాని ఇన్సులిన్ పొడుచుకొనువాడు, వైద్యునితో చెప్పి మోతాదు మార్పించుకొనక, మిత్రుని మాటపై ఒక్కసారిగా అన్నము మానినచో, చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. మూత్రపిండములు చెడినవానిని పరామర్శింపబోవుచు గెలలకొలది కొబ్బరిబొండాలు తీసికొనిపోవుదుము. ఆ నీటిలోని పొటాషియమును చెడిన మూత్రపిండము బయటికి నెట్టజాలదు, రక్తములో నిలిచిన పొటాషియము గుండెకొట్టుకొను తీరునే తప్పింపగలదు. ఆత్రేయపురపు పూతరేకులు చేతబెట్టి "బెల్లంతో చేసినవేనండి, షుగరుకి పరవాలేదు" అందుము. రేకు బియ్యపుపిండితో తీసినదే, బెల్లమును రక్తములో చేరినపిదప చక్కెరయే.

మరి మిత్రుడు చేయదగినదేమి? బ్రిటనులో 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మధుమేహము బయటపడి ఆరేండ్లు దాటనివారిని కొందరిని ఎన్నుకొని, ఆహారమును కొన్ని నెలలపాటు గట్టిగా తగ్గించి బరువు దింపగా, ఏడాది తిరుగునప్పటికి నూటికి 46 మందికి మందులు లేకయే చక్కెర అదుపులోనికి వచ్చెను. అది నాకు ఆశ కలిగించిన సంగతి. అంతకంటె నా మనస్సునకు పట్టినది, వారిని ఒక చీటీ చేతికిచ్చి పంపివేయక, నర్సులును ఆహారనిపుణులును ఏడాది పొడుగున మరల మరల పిలిచి కనుగొనుచుండుట. మనకు పల్లెపల్లెకు అట్టివారు లేరు. మిత్రులము ఉన్నాము.

ఆషాఢమున ఆయన మరల వత్తుననగా, ముందుగా ఫోనుచేసి, "డాక్టరుగారు నీకేం చెప్పారు బావా?" అని అడిగితిని. పదునొకండేండ్లలో నేనీ ప్రశ్న అడుగుట అదే మొదలు. ఆయన అరగంట మాటాడెను: ఏ మాత్ర ఎప్పుడు, అన్నము ఎన్ని గరిటెలు, పెండ్లిళ్ళలో ఎట్లు దాటవేయుచున్నాడు, కోడలు విసుగుకొనునేమోయని వేరుకూర ఎట్లు అడుగకున్నాడు. ఆనాడు మా యింట అందరకును ఒకటే వంట: దంపుడుబియ్యపన్నము కొద్దిగా, బీరకాయపప్పు, దొండకాయవేపుడు, చేపలపులుసు, మజ్జిగ. గిన్నెలు నడుమ పెట్టి ఎవరికివారే వడ్డించుకొంటిమి. నా భార్య రెండుమారులు గరిటెపై చేయివేసి, తీసికొన్నది.

ఆ రాత్రి అరుగుమీద యంత్రము నా చేతికిచ్చి "చూడు" అనెను. 171. "ఇది ఎక్కువేనా?" అని అడిగితిని. ఆయన జరిగి నాకు చోటిచ్చి, మొదటినుండి చెప్పసాగెను.