వంటయిల్లు: గాలమునకు చిక్కిన చేప

క్రిందటి మాసమున ఊరగాయలకు కాయ నెన్నుకొను విధమును గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసమున చేపలను గూర్చి వ్రాయుచున్నాము. చేపలు తినని కుటుంబముల సోదరీమణులు ఈ యొక్క మాసమునకు మమ్ము మన్నింతురు గాక.

ఇవి కాలువలు కట్టు దినములు. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఏటేట వేసవిని మరమ్మతులకై కాలువలకు నీరు నిలిపివేయుదురు. పాఱుదల ఆగినంతనే పల్లపుచోట్ల మడుగులు మిగులును. చేపలన్నియు ఆ మడుగులలోనికి చేరును. బడులకును అప్పుడే సెలవులు. పిల్లలు, సెలవులకు వచ్చిన మఱదులు, ఒక్కొక్కయెడ ఇంటి యజమానులు సైతము వెదురుకఱ్ఱయు, దారమును, గాలమును, ఎఱ్ఱలడబ్బాయు పట్టుకొని బయలుదేరుదురు. వారి కది వినోదము. ఆ వినోదము సాయంకాలమునకు బుట్టలో పడి మన గుమ్మము చేరును. అంతటితో వారి పని ముగియును. మన పని మొదలగును.

ఇది నేటి మాట కాదు. కల్యాణి రాజధానిగా నేలిన పశ్చిమ చాళుక్యప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున సంస్కృతమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమను ప్రకరణము కలదు. గాలముతో చేపలు పట్టు విధములును, వానికి వేయవలసిన యెరలును అందు చెప్పబడినవి. ఆ గ్రంథముననే అన్నభోగమను భాగమున చేపలను వండు విధములును గలవు. పట్టిన రాజు సంతోషమును, తినిన రాజు సంతోషమును మనకు తెలియుచునే యున్నవి. నడుమ కడిగి, కోసి, వండిన చేతుల సంగతి మాత్రము మనమే ఊహించుకొనవలెను.

క్రిందటి వేసవిని మా యింట జరిగిన దొకటి చెప్పెదము. మా పదునొకండేండ్ల పిల్లవాడు మేనమామతో కూడ కాలువకు పోయెను. ఉదయమున పట్టిన పరిగెలును, జెల్లలును సాయంకాలము దాక బుట్టలో ఎండననే యుండెను. ఇల్లు చేరునప్పటికి వాని కన్నులు మెఱయుచుండెను. చేపల కన్నులు మాత్రము లోనికి పోయి తెల్లబడియుండెను. వ్రేలితో నొక్కినచోట గుంట అట్లే నిలిచెను. మా అత్తగారు చూచి, "అవి చెడినవి అమ్మాయీ, పాఱవేయుము" అనిరి. పిల్లవాని ముఖము చూచి మాకు మనసొప్పలేదు. చింతపండు రెట్టింపు, కారము రెట్టింపు వేసి వండితిమి.

నడిరేయి పిల్ల లిద్దఱికిని వాంతులు మొదలయ్యెను. ఉప్పును పంచదారయు కలిపిన నీరు గ్రుక్కెడు గ్రుక్కెడు త్రాగించుచు తెల్లవాఱువఱకు కూర్చుంటిమి. ఉదయమున వైద్యునికి చూపితిమి. దైవానుగ్రహమున రెండు దినములలో కోలుకొనిరి. మంచముమీదినుండి పిల్లవాడు, "నేను పట్టిన చేపలవలననేనా అమ్మా?" అని యడిగెను. "కాదు నాయనా, నేను వండిన చేపలవలన" అని చెప్పితిమి. అదియే నిజము.

పులుపును కారమును వాసనను కప్పునే గాని చెడుగును పోగొట్టజాలవు. చేప చెడునప్పుడు పుట్టు విషములలో కొన్ని యెంత కాచినను నశింపవు. కావున మన జాగ్రత్త పొయ్యిదగ్గఱ మొదలైన చాలదు. గాలము వేయబోవునప్పుడే మొదలు కావలెను. పిల్లలకు ఆ సంగతి చెప్పి పంపుట మన విధి.

మొదట చోటు. ఊరి చెఱువులు పెక్కు మత్స్యకారుల సహకార సంఘములకు కౌలున కిచ్చినవి. వారి అనుమతి లేక అందు గాలము వేయుట ఒకరి కూటిలో చేయి పెట్టుట యగును. పట్టణపు మురుగును, కర్మాగారముల నీరును కలియుచోట పట్టిన చేప యెంత పెద్దదైనను ఇంటికి తేరాదు. చేపలు చచ్చి తేలుచున్న నీటిలో బ్రతికియున్న చేపయు మనకు పనికిరాదు.

పిదప కాలము. కొరమేను పైగాలి పీల్చునది గనుక తడి తగులుచుండిన కొన్ని గంటలు బ్రతికియుండును. పరిగె అట్లు కాదు, నీరు విడిచిన కొంతసేపటికే చచ్చును. చచ్చిన చేపకు ఎండయే శత్రువు. పెట్టెలో మంచుగడ్డలు వేసి పంపుట ఉత్తమము. పట్టిన వెంటనే చేపను మంచులో కప్పిపెట్టవలెను. మంచు దొరకనియెడల తడిగోనె కప్పి నీడ నుంచి, ఎండ ముదురకముందే ఇల్లు చేరవలెను. తాజా చేపకు కన్ను ఉబ్బి నిగనిగలాడును, మొప్పలు ఎఱ్ఱగా నుండును, నొక్కిన కండ మరల లేచును. ఈ మూడును లేనిచో ఎవరు తెచ్చినను, ఎంత ముద్దుగా తెచ్చినను, పాఱవేయవలసినదే.

బాగుచేయునప్పుడు జెల్లతో జాగ్రత్త. దాని వీపున నొకటియు, ప్రక్కల రెండును ముండ్లుండును. గ్రుచ్చుకొన్నచో మంట యధికము. చేయి ఓర్వగలిగినంత వేడినీటిలో నుంచిన ఆ బాధ తగ్గును. వాపు తగ్గనిచో వైద్యునికి చూపవలెను. జెల్లకు పొలుసుండదు, రాతియుప్పుతో రుద్ది జిగురు పోగొట్టవలెను. కడుపు కోయునప్పుడు కాలేయము నంటియుండు పచ్చని పిత్తపు తిత్తి పగులకుండ తీసివేయవలెను. పగిలినచో కూర చేదగును. చేదు ఒక్కటే కాదు. కొందఱు దానిని మందని నమ్మి శీలావతి, బొచ్చె మొదలగు చేపల తిత్తిని పచ్చిగా మ్రింగింతురు. దాని విషమువలన మూత్రపిండములు చెడి ఆసుపత్రుల పాలైనవారు మన దేశమున కలరు. వండినను ఆ విషము పోదు. ఎవరు చెప్పినను వినరాదు.

ఇక వంట. కాలువలు కట్టునప్పుడే మామిడికాయలు వచ్చుట మన యదృష్టము. అరకిలో పరిగెలకు పుల్లని మామిడికాయ 1, ఉల్లిపాయలు 2, పచ్చిమిరపకాయలు 6, కారము 2 చెంచాలు, పసుపు పావు చెంచా, నూనె 4 చెంచాలు వలయును. మట్టిదాకలో నూనె కాగినపిదప చిటికెడు మెంతులు వేసి, ఉల్లిపాయలును పచ్చిమిరపకాయలును మెత్తబడువఱకు వేపవలెను. ఉప్పు, పసుపు, కారము వేసి, మామిడిముక్కలు వేసి, మునుగునంత నీరు పోసి ఉడికింపవలెను. ముక్క సగము ఉడికినపిదప చేపలు పేర్చవలెను. అటుపై గరిటె పెట్టరాదు. దాక అంచులు గుడ్డతో పట్టుకొని మెల్లగా త్రిప్పుచుండవలెను. చిన్నచేపలు పది పండ్రెండు నిమిషములలో లోపలివఱకు ఉడుకును. పచ్చి మిగులరాదు, మంచినీటి చేపలలో పురుగులుండవచ్చును. దింపి, కొత్తిమీర చల్లి, ఒక గంట కదలింపక యుంచినయెడల పులుసు చేపకు పట్టును.

పసివారికి పరిగెలు పెట్టరాదు, ముండ్లెక్కువ. వారికి కొరమేను మేలు. గొంతున ముల్లు గ్రుచ్చుకొన్నచో అన్నపుముద్ద మ్రింగించుట మన యిండ్ల ఆచారము. దానివలన ముల్లు మఱింత లోనికి దిగవచ్చును గనుక వైద్యునికి చూపుటయే క్షేమము.

కడపట నొక్క మాట. వినోదమునకు పట్టినను ప్రాణము ప్రాణమే. ఇంటిల్లిపాది తినగలిగినంతకు మించి తెచ్చుట పాపము, వృథాయును. తొలకరిలో గుడ్లతో నిండిన చేప చిక్కినయెడల వదలివేయుట మఱుసటి యేటి పిల్లలకు మేలు.

ఈ వేసవిని మా పిల్లవాడు మరల పోయెను. మేము వలదనలేదు, మంచుపెట్టె యిచ్చి పంపితిమి. పది గంటలకే తిరిగి వచ్చెను. పెట్టెలో పదునాలుగు పరిగె లుండెను. "ఇంటికి చాలునమ్మా, తక్కినవి నీళ్లలో వదలితిని" అని తానే నూతిగట్టున కూర్చుండి పొలుసు గీకెను. ఆనాడు మా అత్తగారు రెండవమారు పులుసు వేయించుకొనిరి.

చిన్నచేపలను వండు విధములు ఇతర ప్రాంతములలో ఎట్లుండునో సోదరీమణులు వ్రాసి పంపినయెడల సంతోషముతో ప్రకటింతుము.