విజేత నిలిచిన చోట

పూర్వము యుద్ధము జరిగిన తావును వెదకి, నాటి ఛాయాగ్రాహకుడు కెమేరా నిలిపిన చోటనే మరల నిలిచి, నేటి దృశ్యమును తీసి, రెండు చిత్రములను ప్రక్కప్రక్కన ముద్రించుట పలువురకు ప్రీతికరమైన వ్యాసంగము. చూచినవారు నిట్టూర్చి పుట త్రిప్పుదురు. స్థలము సరిపోయినచో సత్యమును సరిపోయినట్లేనని వారి నమ్మకము. ఆ నమ్మకము నిలువదు.

లక్నోలోని సికందర్ బాగ్ ఇందుకు నిదర్శనము. 1857 నవంబరు 16న కాలిన్ కాంబెల్ సేన ఆ తోట గోడను బ్రద్దలుకొట్టి లోన ప్రవేశించినది. సుమారు 2,000 మంది సిపాయీలు అచట హతులైరి. ఫెలీస్ బియాటో తీసిన చిత్రమున శిథిల సౌధము, దాని ముంగిట చెదరిన పుర్రెలు, ఎముకలు కనబడును. పోరు అప్పుడే ముగిసినదని చూపరులు భ్రమింతురు. కాని బియాటో ఆ చిత్రమును తీసినది 1858లో, కొన్ని నెలలు గడచిన పిమ్మట. అస్థికలను చిత్రము కొరకై అతడు బయటపెట్టించెనని నాటి ఆంగ్లాధికారి యొకడు వ్రాసియున్నాడు. విజేతలు తమ మృతులను పూడ్చుకొనిరి. ఓడినవారి ఎముకలను ప్రదర్శనకు పెట్టిరి.

నేడు ఆ తోట జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఆవరణలో నున్నది. పుర్రెల చిత్రము సరసన పచ్చికను, పూలను చూపి, కాలము గాయమును మాన్పినదని చెప్పుట సులభము. ఆ ఓదార్పు ఎవరికి? కూర్చిన దృశ్యమును ప్రమాణముగా గైకొని, దానికి పూలను జోడించుట చరిత్ర యనిపించుకొనదు.

అట్లయిన ఈ యత్నమంతయు వ్యర్థమా? కాదు. అమెరికాలో 1863 జూలైలో గెటిస్‌బర్గ్ రణరంగమున అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందము తీసిన చిత్రముల తావులను విలియం ఫ్రాసానిటో బండరాళ్ల గుర్తులనుబట్టి పోల్చుకొనెను. ఒకే సైనికుని శవము రెండు వేర్వేరు చోట్ల చిత్రింపబడినదని, రాతిగోడ చెంతకు దానిని మోసికొనిపోయి పరుండబెట్టిరని 1975 నాటి తన గ్రంథమున నిరూపించెను. అతడు పాత చిత్రమును అనుకరించుటకు గాక, విచారించుటకు ఆ నేలపై నిలిచెను. స్థలము సాక్షియైనది, చిత్రము ముద్దాయియైనది.

సికందర్ బాగ్‌లో కెమేరా నిలుపువాడు ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ ఎముకలను వెలికి తీసినది ఎవరు, ఎవరికి చూపుటకు? దానికి సమాధానమును చిత్రము క్రింద వ్రాయనిచో, అతడు విజేత నిలిచిన చోట, విజేత కన్నులతోనే నిలిచినవాడగును.