పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

సేవాసంస్థ అనగానే పాత బట్టలూ, పాత పుస్తకాలూ, ఈ మధ్య పాత కంప్యూటర్లూ తెచ్చి ఇస్తున్నారు. ఇచ్చేవాళ్ళకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ వాటిని నడిపే మనిషిని ఎవరూ దానమివ్వరు కదా! నందికొట్కూరులో కుట్టుపని నేర్పుతూ, సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పే ఓ చిన్న సంస్థకు నేను లెక్కలు రాస్తుంటాను. అక్కడున్నవి నాలుగు పాత కంప్యూటర్లు. 2025 అక్టోబరులో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఈ పాతవాటికి సరిపడదు. కొత్తవి కొనే స్థోమత మాకెక్కడిది? అందుకే లినక్స్ మాట వచ్చింది.

అదేదో బ్రహ్మపదార్థమనుకోకండి. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టి అందరికీ పంచిపెట్టాడు. లైసెన్సు కొనక్కర్లేదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్ళకీ ఇవ్వొచ్చు. ఇక సర్వరంటారా? లెక్కలూ, హాజరు పట్టీలూ, పాఠాలూ ఒక కంప్యూటర్లో దాచిపెడితే మిగతావి దాన్నడిగి తీసుకుంటాయి. ఆ దాచిపెట్టేదే సర్వర్. ఆఫీసులో వైరు కలిపి ఉంటే చాలు, ఇంటర్నెట్ పోయినా పని ఆగదు.

మరి పెట్టిచ్చేదెవరు? మనుషులు దొరకరని నేననను. హైదరాబాదులో 2005లో పుట్టిన ‘స్వేచ్ఛ’ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. ఆ పనిలో ఇంజనీరింగు విద్యార్థులు ఎంతోమంది ఉన్నారు. కర్నూలులో, నంద్యాలలో ఇంజనీరింగు కాలేజీలున్నాయి. మర్యాదగా అడిగితే పిల్లలు వస్తారు.

చిక్కంతా వచ్చి వెళ్ళాకే. ఆదివారం పొద్దున వస్తారు, పెట్టిన ఉగ్గాని, బజ్జీ తిని మధ్యాహ్నానికల్లా పని ముగిస్తారు. ‘‘ఏదన్నా అయితే ఫోన్ చేయండి మేడం’’ అంటారు. పాపం, మంచి మనసుతోనే అంటారు. ఆ తర్వాత పరీక్షలు, ఆపైన బెంగళూరులో ఉద్యోగం. మా చుట్టాలమ్మాయి పనిచేసే చోట సరిగ్గా ఇదే జరిగింది. రూట్ పాస్‌వర్డ్ ఆ అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్ళు దాన్ని మార్చి ఇవ్వగలరట. ఆ తెలిసినవాళ్ళ కోసమే రెండు నెలలు తిరిగారు. ఈలోగా పొదుపు కట్టిన ఆడవాళ్ళు ‘‘మా లెక్కేదీ?’’ అని అడుగుతుంటే ఏం చెప్పాలి?

అందుకే నేనంటాను, సర్వర్ పెట్టిపొమ్మని కాదు, నేర్పిపొమ్మని అడగాలి. కేరళ ప్రభుత్వ బడుల్లో అంత విరివిగా లినక్స్ నిలబడిందంటే టీచర్లకే నేర్పబట్టి. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరిట పిల్లల్నీ అందులోకి దింపారు. మన దగ్గరా కీబోర్డు ముందు మన మనిషే కూర్చోవాలి, వచ్చినవాళ్ళు పక్కన నిలబడి చెప్పాలి. చేసినదంతా తెలుగులో కాగితం మీద రాయించుకోవాలి. వారం వారం లెక్కల్ని వేరే డిస్కులోకి ఎక్కించడమే కాదు, అందులోంచి వెనక్కి తీసి చూపించమనాలి. ఇది చాలామంది మర్చిపోతారు. ఒక్కరోజు కాదు, నెలకోసారి చొప్పున ఆర్నెల్లు రమ్మనండి. ఊరికే చేస్తున్నారు కదా అని బస్సు ఛార్జీలు కూడా ఇవ్వకపోవడం ఏం న్యాయం? అమ్మాయిల్నీ పిలవండి. ఒంటరిగా పంపరంటారా, ఇద్దర్ని రమ్మనండి.

‘‘మన ఆడవాళ్ళకు ఆ నల్ల తెర ఏం అర్థమవుతుంది?’’ అన్నారు మా కమిటీలో ఒక పెద్దాయన. ఓవర్‌లాక్ మిషన్లో నాలుగు దారాలు తప్పకుండా ఎక్కించే మా కుట్టు టీచరుకి పది కమాండ్లు రావా? ఆమెనే కూర్చోబెడదామన్నాను. పాస్‌వర్డ్ కాగితం కవర్లో పెట్టి, సీలు వేసి బీరువాలో పెడదామనీ అన్నాను. దానికి ఆయనా ఒప్పుకున్నారు. బీరువా తాళం ఎవరి దగ్గరుండాలన్నదే ఇంకా తేలలేదు.