ఢిల్లీ కమిటీలకు మన చెల్కల మాట చేరాలి

జన్యుమార్పిడి పంటల సంగతి ఎత్తినప్పుడల్లా మన మండల సభల్లో ఒక ప్రశ్న వస్తుంది. "ఇదంతా ఢిల్లీలో తేలే ముచ్చట. మనం ఆదిలాబాద్ కలెక్టరేట్ ముందు కూసుంటే ఏమొస్తది?" ప్రశ్న న్యాయమైనదే. ధర్నా అవసరమే, కానీ ధర్నా ఒక్కటే చాలదు. ఢిల్లీలో ఆ ముచ్చట ఏ గదిలో తేలుతుందో కూడా రైతుకు తెలిసి ఉండాలి.

టీవీలో మనకు కనిపించేది పార్లమెంటు సభలో అరుపులు, వాకౌట్లు. కనిపించని చోటు ఒకటి ఉంది. దాన్ని స్టాండింగ్ కమిటీ అంటారు. 1993 నుంచి ఒక్కో శాఖకో, కొన్ని శాఖలకు కలిపో ఇలాంటి కమిటీలు పనిచేస్తున్నాయి. ఇప్పుడు మొత్తం 24 ఉన్నాయి. ఒక్కో కమిటీలో 31 మంది ఎంపీలు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. తలుపులు మూసి కూర్చుంటారు, కెమెరాలు ఉండవు. అధికారులను పిలిచి అడుగుతారు, కాగితాలు తెప్పిస్తారు, ఊర్లకు వస్తారు. చివరికి నివేదిక రాసి సభ ముందు పెడతారు. ఆ నివేదిక చట్టం కాదు. కానీ ఏ సిఫార్సు మీద ఏం చేశారో సంబంధిత శాఖ మూడు నెలల్లో రాతపూర్వకంగా జవాబు చెప్పాలి.

ఇది మన బతుకుకు ఎట్లా తగులుతుందో తెలియాలంటే పత్తి సంగతే చూద్దాం.

పెన్‌గంగ ఒడ్డుకు వచ్చిన కమిటీ

బీటీ పత్తికి కేంద్రం 2002 మార్చిలో అనుమతి ఇచ్చింది. నాలుగేళ్లు తిరగకముందే విత్తన ప్యాకెట్ ధర 1,600 రూపాయలు దాటింది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్ దాకా వెళ్లి కొట్లాడితే, 450 గ్రాముల ప్యాకెట్ 750 రూపాయలకు దిగింది. పత్తి తర్వాత వంకాయ వంతు వచ్చింది. బీటీ వంకాయ మీద దేశంలో ఏడు చోట్ల ప్రజల అభిప్రాయం అడిగారు, అందులో హైదరాబాద్ ఒకటి. 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ దాన్ని ఆపేశారు. కానీ మంత్రి ఆపిందాన్ని ఇంకో మంత్రి వదలొచ్చు. అందుకే అసలు పరీక్ష పార్లమెంటు కమిటీలో జరిగింది.

వ్యవసాయ స్టాండింగ్ కమిటీకి అప్పుడు బెంగాల్‌లోని బాంకురా ఎంపీ బాసుదేవ్ ఆచార్య అధ్యక్షులు. కమిటీకి 467 వినతిపత్రాలు అందాయి. 50 మంది వ్యక్తులు, సంస్థలు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పారు. 2012 మార్చిలో సభ్యులు యవత్మాల్ జిల్లాలోని భాంబ్ రాజా, మారెగావ్ గ్రామాలకు వెళ్లారు. మనకు అదేం దూరం కాదు. జైనథ్, బేల మండలాల రైతుకు పెన్‌గంగ దాటితే యవత్మాల్ జిల్లానే. అదే నల్లరేగడి, అదే వాన మీద ఆధారం, అదే పత్తి. బీటీ వచ్చాక ఆ ఊర్లలో ఆత్మహత్యలే లేవని అంతకు ముందు ఓ పెద్ద పత్రిక గొప్పగా రాసింది. ఊరోళ్లు కమిటీ ముందు నిలబడి, చావులు ఆగలేదని, పెట్టుబడి పెరిగిందని చెప్పారు.

2012 ఆగస్టు 9న ఆ కమిటీ 37వ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. అధికార పక్షం ఎంపీలు, ప్రతిపక్షం ఎంపీలు అందరూ ఏకగ్రీవంగా సంతకం పెట్టారు. బీటీ పత్తి వల్ల బాగుపడింది విత్తన పరిశ్రమే గానీ చిన్న రైతు, ముఖ్యంగా వానాధార రైతు కాదని రాశారు. జన్యుమార్పిడి పంటల క్షేత్ర ప్రయోగాలు ఏ పేరుతోనూ చేయొద్దన్నారు. అనుమతులిచ్చే కమిటీలో కంపెనీలతో సంబంధాలున్న వాళ్లు ఎట్లా కూర్చుంటారని నిలదీశారు.

ఐదేళ్ల తర్వాత జన్యుమార్పిడి ఆవాలకు 2017 మేలో కేంద్ర నిపుణుల కమిటీ పచ్చజెండా ఊపింది. ఆ ఆగస్టులోనే పర్యావరణ స్టాండింగ్ కమిటీ 301వ నివేదిక ఇచ్చింది. దాని అధ్యక్షురాలు మన ఖమ్మం నుంచి లోక్‌సభకు గెలిచిన రేణుకా చౌదరి, అప్పుడు రాజ్యసభ సభ్యురాలు. స్వతంత్రంగా, అందరికీ తెలిసేలా పరీక్షలు జరిపి, నష్టం జరిగితే బాధ్యత ఎవరిదో తేల్చే పద్ధతి పెట్టేదాకా ఏ జన్యుమార్పిడి పంటా పొలంలోకి రావద్దని ఆ నివేదిక చెప్పింది. ఆవాలు అప్పటికి ఆగాయి. 2022 అక్టోబరులో మళ్లీ అనుమతిస్తే వివాదం సుప్రీంకోర్టులో నడిచింది. 2024 జూలై 23న ఇద్దరు జడ్జీలు ఆవాల అనుమతి మీద చెరో తీర్పు ఇచ్చారు. కానీ జన్యుమార్పిడి పంటల మీద కేంద్రం జాతీయ విధానం తయారు చేయాలని, రాష్ట్రాలను, రైతు ప్రతినిధులను సంప్రదించాలని ఇద్దరూ ఒక్కమాటగా చెప్పారు.

ఆ రెండు నివేదికల్లో ఏదీ చట్టం కాదు. అయినా మన దేశంలో అనుమతితో పొలంలో సాగయ్యే జన్యుమార్పిడి పంట ఇప్పటికీ పత్తి ఒక్కటే. కోర్టులో వాదించేవాళ్లకు, ప్రయోగాలు వద్దనే రాష్ట్రాలకు, మనలాంటి సంఘాలకు ఆ కాగితాలే బలమయ్యాయి. ఆ కాగితాల్లో యవత్మాల్ రైతు చెప్పిన మాట ఉంది. కమిటీ ప్రయోజనం అదే. రైతు నోటి మాటను అది దేశం రికార్డులోకి ఎక్కిస్తుంది.

కమిటీని దాటిపోయే దారులు

అట్లని కమిటీ పేరు వినగానే న్యాయం జరిగిందని మురిసిపోవద్దు. దాన్ని దాటిపోయే దారులు మూడు కనిపిస్తున్నాయి.

మొదటి దారి, బిల్లును కమిటీకి పంపకపోవడం. 15వ లోక్‌సభలో వంద బిల్లులకు 71 కమిటీలకు వెళ్లాయి. 17వ లోక్‌సభకు వచ్చేసరికి అది 16కు పడిపోయింది. 2020లో మూడు సాగు బిల్లుల్లో రెండింటిని కమిటీకి పంపమని రాజ్యసభలో ప్రతిపక్షం అడిగితే మూజువాణి ఓటుతో తోసేశారు. కమిటీ గదిలో వినాల్సిన మాటను ఢిల్లీ సరిహద్దు రోడ్ల మీద ఏడాది పాటు చలిలో, ఎండలో కూర్చుని వినిపించాల్సి వచ్చింది. చివరికి చట్టాలు రద్దయ్యాయి. కానీ ఎంతమంది ప్రాణాలు పోయాయి!

రెండో దారి, వెళ్లాల్సిన కమిటీని తప్పించి వేరే కమిటీకి పంపడం. 2023 మార్చిలో అటవీ సంరక్షణ చట్టానికి సవరణ బిల్లు పెట్టారు. పర్యావరణం చూసే స్టాండింగ్ కమిటీ అప్పటికే ఉంది, దానికి అధ్యక్షుడు ప్రతిపక్ష ఎంపీ. బిల్లు అక్కడికి పోలేదు. కొత్తగా వేసిన సంయుక్త కమిటీకి పోయింది. ఆ కమిటీ జూలై 20న నివేదిక ఇచ్చింది. బిల్లులో ఒక్క మార్పూ చెప్పలేదు. ఆరుగురు సభ్యులు మాత్రం ఒప్పుకోమని రాసిచ్చారు. రెండు వారాలు తిరగకముందే ఉభయ సభలూ ఆమోదించాయి.

ఆదిలాబాద్‌కు ఇది చిన్న విషయం కాదు. ఆ సవరణ ప్రకారం తీవ్రవాద ప్రభావిత ప్రాంతంగా ప్రకటించిన చోట ప్రజావసరాల పేరుతో 5 హెక్టార్ల దాకా అటవీ భూమిని పాత అనుమతి లేకుండానే వాడుకోవచ్చు. సఫారీలకు, జంతు ప్రదర్శనశాలలకు కూడా మినహాయింపు ఉంది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. అదే రోజుల్లో ఢిల్లీలో ఈ బిల్లు కమిటీ చేతిలో ఉంది. ఇక్కడ పట్టా పుచ్చుకున్న గోండు, కోలాం రైతుల్లో ఎందరికి అక్కడి సంగతి తెలుసు? రికార్డుల్లో లేకున్నా అడవిలా ఉన్నదంతా అడవే అన్న 1996 నాటి తీర్పును పట్టుకుని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొంత అడ్డుపడింది. కోర్టు కాపాడేదాకా ఆగడం కంటే, కమిటీ ముందే గ్రామసభల తీర్మానాలు కుప్పగా పడి ఉంటే ఆ నివేదిక అంత సులువుగా రాయగలిగేవారా?

మూడో దారి, బిల్లే లేకుండా ఒక కార్యాలయ ఉత్తర్వుతో పని కానివ్వడం. 2022 మార్చిలో పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. జన్యు సవరణ చేసిన కొన్ని రకాల మొక్కలకు, వేరే జీవి జన్యువు అందులో లేకపోతే, 1989 నాటి జీవభద్రత నిబంధనల నుంచి మినహాయింపు దొరికింది. 2025 మేలో అలాంటి రెండు వరి రకాలను ప్రకటించారు. వాటిలో ఒకటి మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థలో తయారైనదే. అవి మంచివా చెడ్డవా అని నేను ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. హుజూరాబాద్, జమ్మికుంట, మానకొండూరు వైపు వేల కుటుంబాలు వరి విత్తనం పండించి బతుకుతున్నాయి. అలాంటి వరి మీద నిబంధన మారుతుంటే పార్లమెంటు కమిటీ చూడొద్దా? విత్తన రైతును ఒక్క మాట అడగొద్దా?

మనలో కూడా రెండు మాటలున్నాయి

మన జిల్లాల్లో అనుమతి లేని బీజీ-3 పత్తి, అదే గడ్డిమందు తట్టుకునే పత్తి, దొంగచాటుగా ఎంత పడుతోందో మీకు తెలుసు. కలుపు కూలి దొరకక, దొరికినా భరించలేక ఆ విత్తనం వేసే రైతును నేను తప్పుపట్టను. నాకూ ఆరెకరాల పత్తి ఉంది, జూలైలో కూలీల కోసం తిరిగే బాధ తెలుసు. కానీ ఆ విత్తనానికి బిల్లు ఉండదు. మొలవకపోతే నష్టపరిహారం ఉండదు. గడ్డిమందు పక్క చేనులోని కంది మీద పడితే జవాబుదారీ ఉండదు. కలుపు తీసి బతికే ఆడకూలీల పని పోతుంది. సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘంలో మెజారిటీ సభ్యులు 2013లోనే ఇలాంటి పంటలు మన దేశానికి పనికిరావని చెప్పారు.

ఈ విత్తనం కావాలనే రైతు మాటా, వద్దనే రైతు మాటా, కూలి తల్లి మాటా మూడూ కమిటీ ముందుకు పోవాలి. మనం చెప్పకపోతే మన పేరు మీద కంపెనీ చెబుతుంది. రైతులే అడుగుతున్నారని వాళ్లు లెక్కలతో సహా రాసిస్తారు. మన లెక్క ఎక్కడుంది? ధర్నాలో ఇచ్చిన నినాదం సాయంత్రానికి గాలిలో కలిసిపోతుంది. కమిటీకి ఇచ్చిన కాగితం ఫైలులో నిలుస్తుంది.

మనం చేయాల్సింది

ఒక బిల్లు గాని విషయం గాని కమిటీకి వచ్చినప్పుడు చాలాసార్లు పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు అడుగుతారు. గడువు సాధారణంగా రెండు మూడు వారాలే ఉంటుంది. అంటే ప్రకటన చూశాక కదిలితే ఆలస్యమైపోతుంది. ముందే తయారుగా ఉండాలి. అందుకు నాలుగు పనులు ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి: ప్రతి మండల కమిటీ ఈ వానాకాలం నుంచి కనీసం 20 మంది రైతుల పంట లెక్క రాసి పెట్టాలి. ఏ విత్తనం, ఎన్ని ప్యాకెట్లు, ఎన్నిసార్లు మందు కొట్టారు, గులాబీ పురుగు ఎప్పుడు కనిపించింది, ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు, ఏ మార్కెట్లో ఏ ధర. బిల్లుల నకళ్లు జతచేయాలి. కౌలు రైతులను వదిలిపెట్టొద్దు.

రెండు: ఏజెన్సీ మండలాల్లో అడవి, భూమి విషయాల మీద గ్రామసభ తీర్మానాలు రాసి, సంతకాలు, వేలిముద్రలతో నకలు సంఘం దగ్గర ఉంచాలి.

మూడు: మన ఎంపీలు ఏ కమిటీల్లో ఉన్నారో తెలుసుకుని జిల్లా కమిటీలు వాళ్లను కలవాలి. ఆదిలాబాద్, పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్ ఎంపీలు ఏ పార్టీ వాళ్లైనా సరే, ఒకటే మాట అడగాలి. "జన్యుమార్పిడి విధానం గాని, విత్తన చట్టం గాని వస్తే స్టాండింగ్ కమిటీకి పంపమని మీరు సభలో అడుగుతారా?" జవాబును మన పత్రికలో అచ్చు వేద్దాం.

నాలుగు: కమిటీ యవత్మాల్ వెళ్లినట్టే మన దగ్గరికీ రావాలని రాతపూర్వకంగా కోరాలి. జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్ యార్డుల్లో కూర్చుని రైతు మాట వినమని పిలవాలి.

రాయడం రాదని ఎవరూ జంకొద్దు. ఇంగ్లిష్‌లోకి మార్చే పని చదువుకున్న మన పిల్లలు చేస్తారు. డీలర్‌కు తెలిస్తే అప్పు పుట్టదన్న భయమూ వద్దు. కమిటీకి ఇచ్చిన పత్రాన్ని రహస్యంగానే ఉంచుతారు. దాన్ని మనమూ ముందే బయటపెట్టొద్దు.

సుప్రీంకోర్టు చెప్పిన జాతీయ విధానంలో రైతు ప్రతినిధులను అడగాలన్న మాట ఉంది. అడిగిన రోజు మన చేతిలో ఏముంటుందన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న. వచ్చే జిల్లా సమావేశానికి ప్రతి మండల కార్యదర్శి ఇరవై రైతుల లెక్కలున్న నోటుబుక్కుతో రావాలని కోరుతున్నాను.