ఏ పక్కన కూర్చోవాలి?

సికింద్రాబాద్‌లో చర్చిలకు కొదవలేదు. కంటోన్మెంటు సిపాయిల కోసం 1813లో కట్టిన సెయింట్ జాన్స్ ఉంది. 2008లో బసిలికా హోదా అందుకున్న సెయింట్ మేరీస్ ఉంది. వెస్లీ చర్చి ఉంది. ఇవికాక సందుకో ప్రార్థన మందిరం! తెలుగు ఆరాధన జరిగేచోట మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చోవడం చాలా సంఘాల్లో ఇప్పటికీ అలవాటే. ఎవరూ బోర్డు పెట్టలేదు. చిన్నప్పట్నుంచీ అలా కూర్చుంటున్నారు, అంతే. మరి చీర కట్టుకున్న ఓ ట్రాన్స్‌జెండర్ మహిళ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికొస్తే? ఆమె ఏ పక్కన కూర్చోవాలి? కూర్చున్నాక పక్కనున్నవాళ్లు జరిగి చోటిస్తారా, లేచి వెళ్లిపోతారా?

ఎల్‌జీబీటీ అనగానే అందరి దృష్టీ పెళ్లిమీదకు పోతుంది. 2003లో అమెరికాలో జీన్ రాబిన్సన్ తాను స్వలింగ ప్రియుడినని దాచుకోకుండానే బిషప్ అయినప్పుడు ఆంగ్లికన్ ప్రపంచం రెండుగా చీలినంత పనైంది. 2023 డిసెంబరులో వాటికన్ ఓ ప్రకటన చేసింది. స్వలింగ జంటలను ఫాదర్లు దీవించవచ్చట, అది పెళ్లి తంతులా మాత్రం కనిపించకూడదట. దానిమీదా దుమారమే. ఇక్కడి ప్రధాన సంఘాలేవీ అలాంటి పెళ్లిళ్లు చెయ్యవు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా వాటికి చట్టబద్ధత ఇవ్వలేదు. కాబట్టి పెళ్లి సంగతి కాసేపు పక్కన పెడదాం. ఒక మనిషికి సంఘంతో ఉండే సంబంధంలో పెళ్లి ఒక్కరోజు పని. బెంచీ, బాప్తిస్మం, ప్రభువు బల్ల, క్వయర్, చివరికి సమాధి... మిగతాదంతా ఇదే.

తెలుగు బైబిల్లో ‘నపుంసకుడు’ అనే మాట ఉంది. బజార్లో అది తిట్టు. అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయంలో మాత్రం ఐతియొపీయ రాణిగారి ఖజానా చూసే పెద్ద అధికారిని అలా పిలిచారు. ఆయన రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తుంటాడు. ఫిలిప్పు రథమెక్కి దాని అర్థం చెబుతాడు. దారిలో నీళ్లు కనబడగానే, తనకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేమిటని ఆ అధికారే అడుగుతాడు. ఫిలిప్పు కమిటీ వెయ్యలేదు. ఇద్దరూ నీళ్లలోకి దిగారు. అలాంటివాళ్లకు సమాజంలో ప్రవేశం లేదని ద్వితీయోపదేశకాండం చెప్పిన సంగతి ఫిలిప్పుకు తెలియంది కాదు. కానీ ఆయన చేతిలో ఉన్న యెషయా గ్రంథమే 56వ అధ్యాయంలో అదే మనుషులకు కొడుకులకన్నా, కూతుళ్లకన్నా గొప్ప పేరు వాగ్దానం చేసింది. లేవీయకాండం, రోమా పత్రిక చూపించి వాదించేవాళ్లూ ఉంటారు. అవీ బైబిల్లోవే. వాళ్ల అభ్యంతరం నిజాయితీగానే ఉండొచ్చు. అయితే అబద్ధాలాడేవాళ్లను, వడ్డీ వ్యాపారులను గుమ్మం దగ్గర ఆపినట్టు ఎక్కడా వినం!

హైదరాబాద్ సంస్థానంలో 1919లో వచ్చిన చట్టం కూడా ఈ నపుంసకుల పేరుమీదే ఉంది. వాళ్ల వివరాలు రిజిస్టర్లో రాసుకోవాలి. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకెళ్లొచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో. అంటే 104 ఏళ్లు పట్టింది.

ఎవరిని చేర్చుకోవాలన్న ప్రశ్న తెలుగు సంఘాలకు కొత్తదేం కాదు. ఒంగోలులో క్లౌ దొరగారి దగ్గరకు మాదిగలు రావడం మొదలుపెట్టినప్పుడు, వాళ్లను చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు తేల్చేశారు. పెద్దవాళ్లు వస్తే మిషనుకు పలుకుబడి, డబ్బు. దొరగారు, దొరసానిగారు విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన పత్రికలో ఒకే చోటు కనబడిందని చెబుతారు. మాదిగలనే చేర్చుకున్నారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలిచ్చారు. ఈనాడు సికింద్రాబాద్ బెంచీల మీద కూర్చునే చాలా కుటుంబాల తాతముత్తాతలు అలా బయట నిలబడి లోపలికొచ్చినవాళ్లే. 2013లో నంద్యాలలో ఇ. పుష్పలలిత సీఎస్ఐ తొలి మహిళా బిషప్ అయ్యారు. అదీ తెలుగు నేలమీదే.

ఇంట్లో సంగతి చర్చిలో కన్నా కష్టం. కొడుకు నడక వేరుగా ఉందని, కూతురు పెళ్లి వద్దంటోందని తల్లి ముందుగా చెప్పుకునేది పాస్టరుగారికే. ఉపవాస ప్రార్థన పెడతారు. కొన్నిచోట్ల దయ్యం పట్టిందంటారు. స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. దాన్ని ‘మారుస్తాం’ అంటూ చేసే చికిత్సలు డాక్టర్లకు తగని పని అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. డాక్టరు చెయ్యకూడనిది ప్రార్థన పేరుతో జరిగితే ఆ పిల్లాడి గతేమిటి? చివరికి వాడు ఇల్లూ, చర్చీ రెండూ వదిలి రైలెక్కుతాడు.

అన్నిచోట్లా ఇలాగే ఉందనుకోనక్కర్లేదు. 2016 చివర్లో కొచ్చిలో ట్రాన్స్‌జెండర్ల చదువుల కేంద్రం సహజ్ ఇంటర్నేషనల్‌కు ఇళ్లవాళ్లెవరూ చోటివ్వనప్పుడు కార్మెల్ సన్యాసినులు తమ భవనం ఇచ్చారు. తమిళనాడులో భారతి అనే ట్రాన్స్‌జెండర్ మహిళ ఏకంగా పాస్టరయ్యారు. ట్రాన్స్‌జెండర్లకు కొన్ని షరతులతో బాప్తిస్మం ఇవ్వొచ్చని వాటికన్ 2023లో చెప్పింది. భారత జాతీయ చర్చిల మండలి (ఎన్‌సీసీఐ) ఈ విషయంమీద పాస్టర్లకు, వేదాంత విద్యార్థులకు పుస్తకాలు వేస్తోంది, సదస్సులు పెడుతోంది. గాంధీనగర్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీలో చదువుకునే కుర్రాళ్లు రేపు తెలుగు ఊళ్లలో అయ్యగార్లవుతారు. వాళ్ల దగ్గరకూ ఇలాంటి తల్లులు వస్తారు.

ఇక సమాధుల తోట. సంఘపు పుస్తకంలో పేరుంటేనే చాలాచోట్ల అక్కడ చోటు. ఇంటినుంచి వెళ్లిపోయినవాళ్ల పేరు ఆ పుస్తకంలో మిగలదు. కొత్తగా రాయించుకుందామంటే స్త్రీ, పురుషుడు అని రెండే గడులు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లోనే మూడో జెండర్‌ను గుర్తించింది. కొత్త రిజిస్టరు కొనేటప్పుడు కమిటీలో ఎవరో ఒకరు ఆ గడి సంగతి ఎత్తాలి.