కంపెనీకి కాపలా ఉంది, కూలీకి ఎవరున్నారు?



దొంగ ఇంట్లో దూరే ముందు చుట్టూ తిరిగి చూస్తాడు. ఏ కిటికీకి గడియ లేదో, ఎవరు ఎప్పుడు ఊరెళ్తారో కనిపెడతాడు. కంప్యూటర్ నేరగాళ్లూ అంతే. అందుకే పెద్ద కంపెనీలు, బ్యాంకులు కన్సల్టెన్సీలకు డబ్బిచ్చి, దొంగ కంటే ముందే తమ ఇంటి చుట్టూ తిరిగి చూడమంటాయి. వీళ్లు తాళాలు పగలగొట్టరు. వెబ్‌సైట్లు, ఉద్యోగ ప్రకటనలు, ఫొటోలు, మరచిపోయిన పాత ఫైళ్లు, ఇలా అందరికీ కనిపించేవాటినే ఏరి, ఒకదానితో ఒకటి కలిపి ప్రమాదం ఎక్కడుందో చెబుతారు. దీన్నే ఓపెన్ సోర్స్ ఇంటెలిజెన్స్ అంటారు.

మంచిదే. కానీ మన అమ్మానాన్నల ఇంటి చుట్టూ ఎవరు తిరిగి చూస్తారు?

ఒకసారి చూశారు. 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు, సుమారు 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేసింది. వాటిలో రెండు పోర్టళ్లు ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. బయటపడినవి ఎవరి వివరాలు? మట్టి తవ్విన కూలీలవి, పింఛను తీసుకునే ముసలివాళ్లవి. ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రదర్శించకూడదని 2016 ఆధార్ చట్టమే చెబుతోంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది.

అయితే అన్నీ దాచేయాలా? వద్దు. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన సామాజిక తనిఖీల్లో రికార్డులు ఊరి ముందు చదివారు కాబట్టే దొంగ మస్టర్లు బయటపడ్డాయి. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి ఇచ్చారో ఊరందరికీ తెలియాలి. అది ప్రభుత్వం చెప్పాల్సిన లెక్క. ఖాతా నంబరు, ఆధార్ నంబరు మాత్రం ఆ మనిషి సొంతం.

ఈ తేడా ఒకప్పుడు నాకూ తెలియదు. డిగ్రీ రోజుల్లో మా హాస్టల్ నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ జాబితా అంటించారు. పేరు, కులం, ఫోను, ఖాతా, ఆధార్ అన్నీ వరుసగా ఉన్నాయి. నా పేరు వచ్చిందన్న సంతోషంలో దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టింది నేనే. కొన్నాళ్లకు ఒక తమ్ముడికి ఫోను వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగిపోయింది, ఓటీపీ చెప్పమన్నారు. ఖాతా నంబరు వాళ్లే చదివి వినిపించేసరికి నమ్మాడు. పరీక్ష ఫీజుకు దాచుకున్న మూడు వేలు పోయాయి. నా ఫొటో వల్లనే జరిగిందనడానికి రుజువు లేదు. కానీ ఆ అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ విద్యకు పెద్ద ఫీజు అక్కర్లేదు. ఓపిక, చదివే అలవాటు చాలు. మీ పేరు, మీ ఇంట్లోవాళ్ల పేర్లు ఊరి పేరుతో కలిపి ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. ఆధార్ నంబరు మాత్రం ఎక్కడా కొట్టకండి. ఉండకూడనిది కనిపిస్తే దాన్ని పదిమందికీ పంపకుండా, ఆ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పండి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరగా వార్డెన్ గారికి ఒక మనవి. ఈసారి జాబితా అంటించేటప్పుడు పేరు, రోల్ నంబరు ఉంచి, మిగతా గడులు కత్తిరించండి. అందుకు కత్తెర ఒక్కటి చాలు, కన్సల్టెన్సీ అక్కర్లేదు.