మేడ మీద సోలార్, మంచం మీద రోగి



ఈ రోజుల్లో ఎవరింటికి ప్రార్థన కూడికకు వెళ్ళినా సోలార్ మాట రాకుండా ఉండడం లేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకం మొదలుపెట్టాక ఇది మరీ ఎక్కువైంది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు గాని అంతకు పైన గాని అయితే 78 వేల రూపాయల సబ్సిడీ అని అందులో నిర్ణయించారు. బిల్లు ఎంత తగ్గుతుంది, పెట్టిన డబ్బు ఎన్నేళ్ళకు తిరిగి వస్తుంది, మాటలన్నీ వీటి చుట్టే. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. కాని నర్సుగా నేను అడిగేది వేరు. రాత్రి రెండు గంటలకు కరెంటు పోయినప్పుడు ఆ ఇంట్లో ఒక బాలింతో, ఆయాసపడే పెద్దమ్మో, జ్వరంతో ఉన్న పసివాడో ఉంటే, మేడ మీది పలకలు వారికి ఏమి చేస్తాయి? చాలా ఇళ్ళలో ఏమీ చేయవు. ఎందుకు చేయవో, చేయాలంటే ఏమి కావాలో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. ఒక చిన్న ఇల్లు ఊహించుకోండి. రెండు గదులు, వంటిల్లు, వెనుక పశువుల పాక. డాబా మీద ఒక కిలోవాట్ పలకలు, కింద ఇన్వర్టర్, బ్యాటరీ. మన వైపు ఎండకు ఇవి రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో అందులో సగం కూడా రాకపోవచ్చు. 4 యూనిట్లా, ఏ మూలకు వస్తాయి అంటారేమో, లెక్క చూడండి. పాతరకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తింటుంది. ఇప్పుడు వచ్చే బి.ఎల్.డి.సి. ఫ్యాన్ 30 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది. అలాంటివి రెండు 12 గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగు, 5 గంటలు వెలిగితే యూనిట్‌లో ఐదో వంతు కూడా కాదు. చిన్న ఫ్రిజ్‌కు ఒక యూనిట్ వేసుకోండి. మిక్సీ, సెల్‌ఫోన్లు, పిల్లవాడి నెబ్యులైజర్ అన్నీ కలిపినా అర యూనిట్ దాటవు. అంతా కలిపి రెండున్నర లోపే.

ఈ వస్తువుల జాబితా చూసి ఇవి సుఖాల కోసమనుకోకండి. ఇన్సులిన్ తీసుకునేవారు కొత్త సీసాలను పొరుగింటి ఫ్రిజ్‌లో దాచుకుని, వాళ్ళు ఊరెళ్ళి తాళం వేస్తే మందు మానేసి మా దగ్గరకు వస్తారు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం పట్టవలసిన రోగి ఉన్న ఇంట్లో మిక్సీ కూడా వైద్య పరికరమే. మెత్తగా రుబ్బి వడకట్టకపోతే గొట్టం పూడుకుపోతుంది. మే నెల రాత్రుల్లో మంచం పట్టిన వృద్ధులకు ఫ్యాన్ లేకపోతే చెమటకు వీపు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. అవి మానడానికి నెలలు పడుతుందని ఇంటివాళ్ళకు చెప్పి చెప్పి మా సిస్టర్లకు విసుగు.

ఆ ఇంట్లో అలవాట్లు కొంచెం మారాలి. ఎండ నిక్కచ్చిగా ఉన్నప్పుడే పిండి రుబ్బుకోవడం, మోటార్ వేసుకోవడం, బట్టలు ఉతుక్కోవడం. పగటి పని పగలే అయితే బ్యాటరీ రాత్రికి నిండుగా ఉంటుంది. ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు, గీజర్ రెండు వేల వాట్లు. వీటిని బ్యాటరీ మీద పెట్టినవారికి అర్ధరాత్రి ఫ్యాన్ ఉండదు. టీవీ హాల్లోకి ముందు వైరు లాగించి, రోగి పడుకునే గదికి తరువాత చూద్దాంలే అనే ఇళ్ళు నేను చూశాను. ఆ వరుస మారాలని నా గట్టి అభిప్రాయం. మొదటి వైరు రోగి గదికి, రెండవది వంటింటికి, మిగిలితే హాలుకు.

వేడినీళ్ళకు కరెంటే అక్కరలేదు. మేడ మీద పెట్టే సోలార్ వాటర్ హీటర్‌లో వేడెక్కిన నీరు తేలికై దానంతటదే పైనున్న ట్యాంకులోకి పోతుంది, మోటార్ కూడా ఉండదు. బాలింతకు రెండు పూటలా వేడినీళ్ళు పొయ్యి ఊదకుండానే దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త చెప్పాలి. వేసవిలో ఆ నీరు ఒళ్ళు కాలేంత వేడెక్కుతుంది. బకెట్లో చన్నీళ్ళు ముందు పట్టి, తరువాతే వేడినీళ్ళు కలపండి. పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరచిపోవద్దు.

వంటింటి సంగతి. కట్టెల పొగ, పిడకల పొగ ఆడవారి ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో మా మెడికల్ వార్డులో చూడవచ్చు. చుట్ట, బీడీ ముట్టని స్త్రీలు పొగతాగేవారిలాగే దగ్గుతూ, ఆయాసంతో వస్తారు. ఇళ్ళలోని పొగ వలన 2020లో ప్రపంచమంతటా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నాలుగైదు పశువులున్న ఇంటికి గోబర్ గ్యాస్ ఇప్పటికీ మంచి మార్గమే. రోజుకు 50 కిలోల పేడ పడితే 2 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, చిన్న కుటుంబానికి వంట సరిపోతుంది, మిగిలిన మడ్డి పొలానికి ఎరువు. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో ఇనుప డ్రమ్ము లేదు గనుక తుప్పు బెడద కూడా పోయింది. అయితే ఇప్పుడు ఎన్ని ఇళ్ళలో నాలుగు పశువులున్నాయి? లేనివారికి సిలిండరే దిక్కు. దాన్ని పండుగలకు దాచి రోజూ కట్టెలు వాడడం మాత్రం మానాలి.

ఇక ఆసుపత్రుల విషయానికి వస్తాను. అమెరికాకు చెందిన ప్రసూతి వైద్యురాలు లారా స్టాకెల్ గారు 2008లో ఉత్తర నైజీరియాలో మాతృ మరణాల కారణాలు తెలుసుకోవడానికి వెళ్ళారు. అక్కడి ఆసుపత్రిలో కరెంటు లేక ఆపరేషన్లు ఆగిపోవడం, చాలీచాలని వెలుతురులో సిస్టర్లు కాన్పులు చేయడం చూశారు. ఆమె భర్త హాల్ ఆరన్సన్ గారు సోలార్ విద్య బోధించేవారు. ఆయన సహాయంతో దీపాలు, బ్యాటరీ, ఛార్జర్ ఒక పెట్టెలో ఇమిడేలా తయారుచేశారు. దానికి సోలార్ సూట్‌కేస్ అని పేరు. తరువాత అది ఎన్నో దేశాల కాన్పు గదులకు చేరింది.

ఆ కథ చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా తరం నర్సులు పెట్రోమాక్స్ దగ్గర కుట్లు వేసినవారే. ఆయమ్మ టార్చ్ పట్టుకుంటుంది, ఆమె చెయ్యి అలసి కొంచెం వంగితే మన చేతి కింద చీకటి. మసక వెలుతురులో రక్తం ఎంత పోయిందో అంచనా తప్పుతుంది, ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. పసికందు పెదవులు నీలంగా ఉన్నాయా, ఒంటికి పసుపు కమ్ముతోందా అనేది తెల్లని వెలుతురులోనే తెలుస్తుంది. పది వాట్ల దీపం ధర ఎంతో మీకు తెలుసు. అది లేకపోతే పోయేదేమిటో మాకు తెలుసు.

మన పొరుగున ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు అక్కడి ప్రభుత్వ సంస్థ క్రెడా పెద్ద సంఖ్యలో సోలార్ పెట్టింది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, కరెంటు కొరత ఉండి సోలార్ లేని కేంద్రాలతో పోలిస్తే సోలార్ ఉన్నచోట నెలకు దాదాపు రెట్టింపు కాన్పులు జరిగినట్టు తేలింది. నన్ను ఆకట్టుకున్నది పలకల సంఖ్య కాదు. వాటిని చూసుకోవడానికి మనుషులను పెట్టారు, వారు క్రమం తప్పకుండా తిరిగి చూసి వెళ్ళే ఏర్పాటు చేశారు. టీకాల ఫ్రిజ్‌లలో అయితే బ్యాటరీయే లేని రకం వచ్చింది. పగలు ఎండతో లోపల మంచు గడ్డ కట్టి, రాత్రంతా ఆ మంచే టీకాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య కాపాడుతుంది. ఎండ లేకపోయినా కనీసం మూడు రోజులు నిలవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన నియమం. బ్యాటరీ ఎందుకు తీసేశారంటే, మారుమూల కేంద్రాల్లో ముందుగా చచ్చేది అదే గనుక.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. మన సంఘాల్లో, హాస్టళ్ళలో సోలార్ ఇచ్చే దాతలకు కొదువ లేదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, రిబ్బను కత్తిరిస్తారు, ఫోటో తీస్తారు. పలక కింద పాలరాయి మీద దాతగారి పేరు ఉంటుంది. బ్యాటరీలో నీళ్ళు పోసేవారి పేరు ఎక్కడా ఉండదు. రెండేళ్ళు గడిచేసరికి పలకల మీద దుమ్ము, కాకి రెట్టలు, బ్యాటరీలో ప్లేట్లు బయటపడి ఎండిపోయి ఉంటాయి. తరువాత సోలార్ మంచిది కాదండీ అని మాట. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకలలో అందరికీ దివిటీలు ఉన్నాయి, ఆ సంగతి మరచిపోతాము. తేడా వచ్చింది నూనె దగ్గర.

వార్డులో ప్రతి రోగికి చార్టు ఉన్నట్టే బ్యాటరీకీ ఒక పుస్తకం, ఒక మనిషి ఉండాలి. నెలకొకసారి మూత తీసి డిస్టిల్డ్ వాటర్ గీత వరకు పోయాలి. కుళాయి నీరు, యాసిడ్ పోయకూడదు. చేతికి గ్లవుస్, కంటికి అద్దాలు పెట్టుకోవాలి. యాసిడ్ కంట్లో చిందితే వెంటనే మంచినీళ్ళతో కనీసం పావుగంట కడిగి, ఆపై ఆసుపత్రికి రావాలి. ఛార్జి ఎక్కేటప్పుడు బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది. అందుచేత దాన్ని పడక గదిలో పెట్టవద్దు, దాని దగ్గర కొవ్వొత్తి వెలిగించవద్దు. పలకలను తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే కడగాలి. బ్యాటరీ ఎప్పటికీ ఉండదు, నాలుగైదేళ్ళకు మార్చాలి. మొదటి నెల నుండే 300 రూపాయల చొప్పున పక్కన పెడితే నాలుగేళ్ళకు 14,400 అవుతుంది. కొత్త బ్యాటరీ ఖర్చులో పెద్ద భాగం అందులోనే వస్తుంది. దాతలకు నా మనవి: పలకలు ఒకటి తగ్గించి అయినా ఈ నిధి కూడా కలిపి ఇవ్వండి.

మొదట అడిగిన ప్రశ్నకు వస్తున్నాను. సబ్సిడీ మీద మేడల మీదికి వస్తున్న సోలార్‌లో ఎక్కువ భాగం కరెంటు లైనుకు కలిపినది, బ్యాటరీ లేనిది. లైనులో కరెంటు పోతే అది కూడా ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ తగలకుండా అలా తయారుచేశారు, అది సరైనదే. కాని ఈ విషయం అమ్మేవారు గట్టిగా చెప్పరు, కొనేవారు అడగరు. ఈ మధ్య ఒక తల్లిని ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్‌తో ఇంటికి పంపే ముందు, కరెంటు పోతే ఏమి చేస్తారు బాబూ అని కొడుకును అడిగాను. “మాకు సోలార్ ఉంది మేడమ్, ఫరవాలేదు” అన్నాడు. బ్యాటరీ ఉందా అంటే లేదు.

5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ 350 వాట్ల వరకు తీసుకుంటుంది. రోజంతా నడిస్తే 8 యూనిట్ల పైనే. 150 ఏ.హెచ్. కొత్త బ్యాటరీ ఒకటి ఉంటే ఆ మిషన్ ఒక్కటే సుమారు మూడు గంటలు నడుస్తుంది, పాతదైతే గంట కూడా నమ్మలేము. అదే గదిలో ఫ్యాను, టీవీ కలిస్తే ఇంకా తక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత విశాఖపట్నంలో, 2018లో తిత్లీ తరువాత శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. కోస్తాలో ఇది ఊహ కాదు. కాబట్టి బ్యాటరీతో కూడిన సోలార్ అయినా, మామూలు ఇన్వర్టర్ అయినా ఉండాలి, దానితోపాటు బి టైపు సిలిండర్ ఒకటి నిండుగా ఉండాలి. నిమిషానికి 2 లీటర్ల చొప్పున అది సుమారు 12 గంటలు వస్తుంది. ఆక్సిజన్ ఉన్న గదిలో కొవ్వొత్తి, కిరోసిన్ దీపం వెలిగించవద్దు. కరెంటు పోగానే చాలామంది చేసే మొదటి పని అదే.

మన డిశ్చార్జి కాగితంలో మందుల పట్టిక కింద ఇంకో రెండు గీతలు చేర్చాలని నేను కోరుతున్నాను. ఇంట్లో బ్యాటరీ ఏ సంవత్సరం కొన్నారు, దాని మీద మిషన్ ఎన్ని గంటలు నడిచింది. రెండవదానికి జవాబు తెలియాలంటే రోగిని తీసుకువెళ్ళకముందే, ఒక మధ్యాహ్నం ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపి, మిషన్‌ను ఖాళీగా నడిపి, ఎప్పుడు ఆగిందో గడియారం చూసి కాగితం మీద రాసుకు రండి. వార్డు సిస్టర్ దానిని చూశాకే సంతకం పెడుతుంది.